ఊడని మందు

ముయెల్యే రేవులో దెన్సియో చేత పని చేయించుకోవాలంటే ముందు అతని ఉపన్యాసం వినాలి. మనీలా నుంచి వచ్చిన షావుకారైనా, ఏడు సముద్రాలు దాటొచ్చిన తెల్లవాడైనా, చివరికి చర్చి ఫాదరైనా సరే, ఆ ఉపన్యాసం తప్పించుకుని బయటపడ్డవాడు లేడు. విన్నవాళ్ళలో తలకెక్కించుకున్నవాడు కూడా లేడన్నదే దెన్సియో బాధ.

అసలు పేరు గౌదెన్సియో దిమాయుగా. అంత పేరు నోరారా పిలిచే తీరిక ఎవరికీ లేక దెన్సియో అయ్యాడు. తెరచాప పడవల స్తంభాలెక్కి తాళ్ళూ, కప్పీలూ, తీగలూ బిగించడం అతని వృత్తి. స్తంభాలు ఇప్పుడు కొయ్యవి కావు, అల్యూమినియం గొట్టాలు. వాటికి తగిలించే సామానంతా ఉక్కు. ఉపన్యాసం అక్కడే మొదలయ్యేది.

"ఉక్కు మొగుడు, అల్యూమినియం పెళ్ళాం అనుకో," అనేవాడు చేతిలో పానా ఆడిస్తూ. "ఇద్దర్నీ ఒంటికి ఒళ్ళానించి ఉప్పుగాలిలో వదిలేశావా, మొగుడు నిగనిగలాడుతూ అలాగే ఉంటాడు. పెళ్ళాన్ని మాత్రం లోపల్లోపలే తినేస్తాడు. పైకి కనపడదు. తెల్ల పొడి రాలుతుందే, అది పెళ్ళాం ఎముకలన్నమాట."

"మా ఇంట్లో సంగతి మీ అందరికీ ఎందుకు చెప్తాడో," అనేది అతని భార్య మెదింగ్. రేవు మెట్ల పక్కన ఆమె నడిపే పూటకూటి కొట్టే దెన్సియోకి సభాస్థలం. అన్నం గరిట ఆపకుండానే ఆమె ఆ మాట అనేది. తినేవాళ్ళు పొలమారేలా నవ్వేవారు.

దెన్సియో నవ్వేవాడు కాదు. విరుగుడు చెప్పేవాడు. ఉక్కు పట్టీకీ స్తంభానికీ మధ్య పలచని ప్లాస్టిక్ ముక్క. ప్రతి స్క్రూ తల కింద ప్లాస్టిక్ వాషరు. మరలో ఒక్క గాడి కూడా వదలకుండా తెల్ల పేస్టు. అలా చేస్తే రెండు లోహాలూ ఒకదాన్నొకటి ముట్టుకోవు, ఉప్పునీరు సందులో దూరదు. "అలా బిగించిన స్క్రూ ఎన్నేళ్ళ తర్వాతైనా సరే, పానా పెట్టి కాస్త తిప్పితే వెన్నలా ఊడొస్తుంది!" అని గర్వంగా ముగించేవాడు.

వినేవాడు అంతవరకూ తలూపి, ఆఖరి మాట దగ్గర బెదిరిపోయేవాడు. "ఊడొస్తుందా?"

దెన్సియోకి ఆ పట్టింపు ఊరికే రాలేదు. పడుచుతనంలో బతాంగాస్ వైపు ఒక పడవల షెడ్డులో పని చేశాడు. అక్కడ అతనికిచ్చిన పని ఒక్కటే, పట్టేసిన స్క్రూలు తియ్యడం. మంట పెట్టి కాల్చడం, సుత్తితో కొట్టడం, చివరికి తల కోసేసి డ్రిల్లుతో తొలవడం. ఒకసారి డ్రిల్లు ముక్క విరిగి కనుబొమ్మ చీల్చుకుపోయింది. కుట్లు మానేదాకా ఇంట్లో కూర్చుని ఆలోచించాడు. ఎవడో బిగించేటప్పుడు చిటికెడు పేస్టు పూసి ఉంటే తన మొహం బాగుండేది కదా అన్నదే ఆ ఆలోచన. ఆ రోజు నుంచి మనిషి ఒక మతం పుచ్చుకున్నట్టయిపోయాడు.

మతం ముదిరితే ఇల్లు కూడా చర్చి అవుతుంది. ఒక ఆదివారం మెదింగ్ కొట్లో లేని సమయం చూసి, ఆమె పెద్ద అల్యూమినియం డేగిసా పట్టుకున్నాడు. దాని పిడులు ఉక్కువి. ఇన్నేళ్ళు తన ఇంట్లోనే ఇంత ఘోరం జరుగుతుంటే చూడలేదే అనుకుని, రివెట్లు కోసేసి, మధ్యలో ప్లాస్టిక్ పెట్టి, పేస్టు పూసి, బోల్టులతో ముచ్చటగా బిగించాడు. మర్నాడు మధ్యాహ్నం రేవంతా జనం. మెదింగ్ చింతపండు పులుసు కాచి, డేగిసా రెండు పిడులూ పట్టి పొయ్యి మీంచి లేపింది. ప్లాస్టిక్ అప్పటికే కరిగి కారిపోయింది. పిడులు ఆమె చేతుల్లో ఉండిపోయాయి, పులుసు నేల మీదికి పోయింది.

"దెన్సియో!" అని ఆమె అరిచిన అరుపు అవతలి ఒడ్డుకి వినిపించిందంటారు.

"పిడులు ఊడొచ్చాయి చూడు, ఏమాత్రం పట్టెయ్యలేదు," అన్నాడు దెన్సియో. ఆ పూట అతనికి అన్నం పెట్టలేదు. ఆ మాటకి పెట్టకపోవడమే న్యాయమని రేవంతా తీర్పు చెప్పింది.

అఖాతంలో లంగరేసుకున్న పడవల్లో 'సిగ్రిడ్' అందమైనది. దాని యజమాని హాల్వర్ అనే నార్వే ముసలాయన. ఒకప్పుడు ఓడల మీద కెప్టెన్. ఇక్కడికొచ్చి స్థిరపడి, ఊరి భాష మాట్లాడుతూ, ఎండుచేపలు తింటూ, అందరి చేతా క్యాప్ అనిపించుకుంటున్నాడు. పడవకి చనిపోయిన భార్య పేరు పెట్టుకున్నాడు. మనిషి మంచివాడే కానీ నిదానం లేదు.

ఆయన పడవ స్తంభం సగం ఎత్తులో, రెండు పక్కలా, ఉక్కు తీగల్ని పట్టి ఉంచే పట్టీలు మార్చాల్సొచ్చింది. పడవ పందెం దగ్గరపడింది. దెన్సియో పలక ఊయలలో కూర్చుని పైకెళ్ళి ఎడమ పక్క పట్టీ బిగించాడు. ప్లాస్టిక్, వాషర్లు, పేస్టు, అన్నీ శాస్త్రోక్తంగా. కుడి పక్కకొచ్చేసరికి పేస్టు అయిపోయింది. కొత్త డబ్బా బతాంగాస్ నుంచి లాంచీలో రావాలి. తుఫాను హెచ్చరికతో లాంచీలు కట్టేశారు.

"పేస్టు లేకపోతే ఏంటయ్యా, స్క్రూ ఎక్కదా?" అన్నాడు హాల్వర్ కింద నుంచి.

"ఎక్కుతుంది క్యాప్. దిగదు."

"నాక్కావలసింది అదేగా! దిగకూడదనేగా బిగించేది!"

దెన్సియో పైనుంచి ఉపన్యాసం అందుకున్నాడు. ఉక్కు మొగుడు దగ్గరే హాల్వర్ చెవులు మూసుకున్నాడు. "లాంచీ వచ్చాక చేస్తా. అంతవరకూ ముట్టుకోను," అని దెన్సియో దిగొచ్చి ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడు ఆ పని ఎఫ్రెన్ కరింగాల్ చేసేశాడు. ఎఫ్రెన్ దెన్సియో కంటే వయసులో చిన్న, చేతిలో చురుకు, నోట్లో తీపి. ఊళ్ళో సగం మంది పిల్లలకి జ్ఞానస్నాన తండ్రి. కరవోకేలో పాట అందుకుంటే ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. పాడుతూనే స్తంభమెక్కి, పాట అయ్యేలోగా పట్టీ బిగించి, పాడుతూనే దిగొచ్చాడట. పందెంలో సిగ్రిడ్‌కి మూడో బహుమతి వచ్చింది. విందులో హాల్వర్ రమ్ము గ్లాసెత్తి, "ఈ గెలుపు ఎఫ్రెన్ కుడిచేతిది," అన్నాడు. ఎడమ పక్క బిగించినవాడి పేరెత్తలేదు. దెన్సియో పాన్సిట్ నూడుల్సు ప్లేటు సగంలో వదిలేసి లేచాడు.

ఏళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం హాల్వర్ తీగలన్నీ కొత్తవి వేయిస్తూ, పట్టీలు కూడా ఊడదీసి చూడమని ఇద్దర్నీ పిలిచాడు. అటొకరూ ఇటొకరూ ఊయలల్లో వేలాడారు. కింద డెక్కు మీద హాల్వర్, ఒడ్డున పనిలేని సగం రేవు.

దెన్సియో తన పట్టీ స్క్రూకి పానా తగిలించి కాస్త తిప్పాడు. వెన్నలా వచ్చింది. తక్కినవన్నీ అలాగే వచ్చాయి. పట్టీ కింది స్తంభం బిగించిన రోజులాగే తళతళలాడుతోంది. ఇన్నేళ్ళ ఉపన్యాసానికి కళ్ళెదుట సాక్ష్యం. "క్యాప్! చూడండి!" అని కేకేశాడు.

అవతల ఎఫ్రెన్ చెమటలు కక్కుతున్నాడు. అతని స్క్రూ కదల్లేదు. పానాకి పొడుగు గొట్టం తొడిగి లాగాడు. స్క్రూ తల అంచులు అరిగిపోయాయి గానీ అది ఉన్నచోటు నుంచి వెంట్రుకవాసి జరగలేదు.

హాల్వర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పకపకా నవ్వాడు. "చూశావా దెన్సియో! ఎఫ్రెన్ బిగించింది కార్బావు దున్నని కట్టి లాగించినా రాదు. నీది చంటిపిల్ల తిప్పినా వచ్చేలా ఉంది!"

ఒడ్డున చప్పట్లు మోగాయి.

"క్యాప్, అది బిగువు కాదు, చిలుము!" దెన్సియో గొంతు చించుకున్నాడు. "స్క్రూ చుట్టూ స్తంభాన్ని తినేసింది. ఆ పొడి ఉబ్బి పట్టేసుకుంది. నీళ్ళలో పడి ఉబ్బినవాణ్ణి చూసి బలిశాడంటామా?"

"నీ నోట ఎప్పుడూ చావు కబుర్లే," అని హాల్వర్ చెయ్యూపేశాడు. ఎఫ్రెన్ పాపం మంచివాడు, ఊయలలోంచే ఓదార్చాడు. "పోనీలే కుయా దెన్సియో. అందరికీ ఒకే బలం ఎలా వస్తుంది? నీకూ వయసొచ్చింది." కుయా అంటే వాళ్ళ మాటలో అన్న. అన్నా అని పిలిచి మరీ గుచ్చడంతో, తన పట్టీ మళ్ళీ పేస్టు పూసి బిగించి దిగొచ్చినా దెన్సియోకి ఆ రోజంతా మంట తగ్గలేదు.

అప్పటినుంచి సిగ్రిడ్ బాగోగులన్నీ ఎఫ్రెన్ చేతిలో పడ్డాయి. కుడి పట్టీ అంచున రంగు పొక్కులు లేచాయి. ఎఫ్రెన్ గీకి, పైన తెల్ల రంగు వేశాడు. మళ్ళీ లేచాయి. మళ్ళీ వేశాడు. ఆ అఖాతంలో అంత మెరిసే స్తంభం ఇంకొకటి లేదు. దెన్సియో తన చిన్న పడవలో పోతూ పోతూ తలెత్తి ఆ పొక్కుల్ని చూసేవాడు. ఒకసారి వెళ్ళి చెప్పాడు కూడా. హాల్వర్ భుజం తట్టి, "అసూయ మంచిది కాదు దెన్సియో," అన్నాడు.

డిసెంబరులో ఊరి పండగ. మరియమాత విగ్రహాన్ని పడవ మీద అఖాతమంతా ఊరేగిస్తారు. ఆ ఏడు హాల్వర్ ముచ్చటపడి సిగ్రిడ్‌ని ఇచ్చాడు. పడవ ముందు భాగంలో పూల మధ్య విగ్రహం, స్తంభం కొస నుంచి రెండు చివరలకీ రంగు జెండాల తోరణాలు, వెనక బ్యాండు మేళం. తల్లి పాదాల దగ్గర కొత్త చొక్కాలో ఎఫ్రెన్. వెనకాల పడవల గుంపులో దెన్సియో, మెదింగ్ తమ చిన్న పడవ బాంకాలో ఉన్నారు. మెదింగ్ ఒళ్ళో అల్లం కాఫీ కెటిలు.

సరిగ్గా రేవు ఎదురుగా వచ్చేసరికి ఆలస్యమైన ప్రయాణికుల లాంచీ ఒకటి ఊరేగింపు చూడకుండా దూసుకొచ్చింది. అది లేపిన కెరటం సిగ్రిడ్‌కి అడ్డంగా తగిలింది. పడవ ఎడమకి ఒరిగింది. కుడి తీగ బిగుసుకుంది. టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు. పట్టీ తన చుట్టూ ఉన్న అరచేతి మేర స్తంభాన్ని కూడా పీక్కుని ఊడొచ్చేసింది. స్తంభం నడుం దగ్గర మడతపడి, జెండాలన్నీ వెంటేసుకుని, తొందరేమీ లేనట్టు ఎడమ పక్క నీళ్ళలోకి ఒరిగిపోయింది.

ఆ క్షణంలో దెన్సియోకి మొదట కలిగింది సంతోషం. ఇదే నిజం. జనం "తల్లీ!" అని అరుస్తున్నారు, డప్పువాడు నీళ్ళలో పడ్డాడు, పిల్లలు ఏడుస్తున్నారు. అతని గుండె మాత్రం 'చెప్పానా, చెప్పానా' అని గంతులేసింది. మరుక్షణం విగ్రహం కళ్ళబడింది. సిగ్గుతో కుంచించుకుపోయి శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. డప్పువాణ్ణి జుట్టు పట్టి పైకి లాగారు. ఎఫ్రెన్ విగ్రహం మీద బోర్లా పడి రెండు చేతులా కావలించుకున్నాడు. తల్లి కిరీటం కాస్త పక్కకి జరిగిందంతే. అతను విగ్రహంతో లేచి నిలబడేసరికి ఒడ్డంతా మోకాళ్ళ మీద ఉంది. చర్చి గంటలు మోగాయి. సాయంత్రానికల్లా తల్లి మహిమ ఒకటి, ఎఫ్రెన్ త్యాగం ఒకటి, రెండు కథలు ఊరంతా పాకాయి.

మూడో కథ కూడా పాకింది. స్తంభం ఎటు పడింది? ఎడమకి. ఎడమ పక్క పట్టీ ఎవడు బిగించాడు?

"కుడి పక్కది తెగింది కాబట్టే ఎడమ పక్కకి పడింది!" దెన్సియో మెదింగ్ కొట్లో బల్ల గుద్ది చెప్పాడు. "నా పక్క తీగ పట్టుకునే ఉంది. అందుకే అటు లాక్కుంది!"

"అదే మేమూ అంటున్నాం," అన్నాడు పక్క బల్ల దగ్గర చేపల ఆసామి. "నీ పక్కే లాగేసింది."

దెన్సియో నీళ్ళలోంచి తీసిన కుడి పట్టీని మోసుకొచ్చి అందరి ముందూ పెట్టాడు. స్క్రూల చుట్టూ అతుక్కుని ఉన్న స్తంభం ముక్క పురుగు తిన్న రొట్టెలా ఉంది. వేలితో నొక్కితే తెల్లగా రాలింది. హాల్వర్ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో ఏదో కదిలింది. కదిలినదాన్ని లోపలికి మింగి, "ఈ స్తంభం చేసినవాళ్ళు నాసిరకం లోహం వాడారు," అన్నాడు.

ఎఫ్రెన్ వంగి, పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని కళ్ళు మెరిశాయి. "క్యాప్, ఒక్కటి గమనించారా? ఇంత జరిగినా నా స్క్రూ ఒక్కటి ఊడలేదు. స్తంభమే ఊడింది!"

అందరూ తొంగి చూశారు. నిజమే. ఒక్కటి కూడా ఊడలేదు. ఊరు మరోసారి ఎఫ్రెన్ చేతి బలాన్ని మెచ్చుకుంది. దెన్సియో మాట్లాడదామని నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళుగా ఏనాడూ తడబడని ఉపన్యాసం మొదటిసారి బయటికి రాలేదు.

ఆ తర్వాత అతనికి పనులు తగ్గాయి. దెన్సియో అంటే వదులు బిగింపు అని పేరుపడింది. పడవ అడుగున నత్తగుల్లలు గీకమని పిలిచేవాళ్ళు గానీ స్తంభం ఎక్కమనేవాళ్ళు లేరు. పగటిపూట కొట్లో ఓ మూల కూర్చుని, తన ఎడమ పట్టీని, నీళ్ళ పాలైనా మచ్చపడని దాన్ని, గుడ్డతో తుడుస్తుండేవాడు. మెదింగ్ రెండు వారాలు చూసింది.

"ఎంతకాలం తుడుస్తావు దాన్ని? అదేమన్నా తల్లి విగ్రహమా?"

"మెదింగ్, నువ్వైనా చెప్పు. నేను చెప్పింది తప్పా?"

"తప్పేం లేదు. చెప్పడమే చేతకాలేదు." ఆమె కూరలు తరుగుతూనే ఉంది. "పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళతో, మా పిల్ల ఎప్పుడైనా పుట్టింటికి తేలిగ్గా వచ్చేస్తుంది అని ఎవరైనా చెప్తారా? అది సుగుణమే కావచ్చు. చెప్తారా?"

దెన్సియో పట్టీని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

కొత్త స్తంభం బల్లకట్టు మీద వచ్చింది. ఎఫ్రెన్‌కి తీరిక లేదు. బరంగాయ్‌కి, అంటే ఊరి పంచాయతీకి, ఎన్నికలొచ్చాయి, కౌన్సిలుకి నిలబడ్డాడు. తల్లిని కాపాడినవాడికి ఓటెయ్యనివాడెవడు? అందుకని హాల్వర్ తప్పనిసరై దెన్సియో దగ్గరికొచ్చాడు. కొట్లో కూర్చుని అన్నం చెప్పి, మొహమాటపడుతూ అన్నాడు: "పని నీకే ఇద్దామనుకుంటున్నా. కానీ ఈసారి మాత్రం ఊడకూడదు దెన్సియో."

దెన్సియో ఉపన్యాసానికని గాలి పీల్చుకున్నాడు. ఉక్కు మొగుడు నాలుక చివరిదాకా వచ్చాడు. అప్పుడే బల్ల కింద అతని పాదం మీద మెదింగ్ మడమ దిగింది.

"క్యాప్, మీకు తెలీదా?" అంది ఆమె పులుసు వడ్డిస్తూ. "ఈయన దగ్గర కొత్త మందు ఉంది. ఊడని మందు. స్క్రూకి పూసి బిగిస్తే ఇక అంతే. అందరికీ ఇవ్వడు."

హాల్వర్ చెంచా ఆగిపోయింది. "ఏదీ, చూపించు."

మెదింగ్ లోపలికెళ్ళి అదే తెల్ల పేస్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. పాత డబ్బా కాదు, ఊరగాయ సీసాలో. దెన్సియో మొహం ఎర్రబడింది. అది ఊడని మందు కాదు, ఊడే మందు. ఊడడం కోసమే పుట్టిన మందు. అబద్ధానికి అంతకంటే పెద్ద అబద్ధం ఉండదు.

"ఇది పూస్తే స్తంభం పాడవ్వదా?" అడిగాడు హాల్వర్.

"పాడవ్వదు," అన్నాడు దెన్సియో. అది నిజం కాబట్టి ఆ మాట తేలిగ్గానే వచ్చింది.

"పట్టీ కదలదా?"

"కదలదు." అదీ నిజమే.

"ఊడదుగా?"

మెదింగ్ మడమ మళ్ళీ దిగింది. "దానంతటది ఊడదు క్యాప్," అన్నాడు దెన్సియో. ఆ మొదటి మాటని గొంతులోనే నలిపేశాడు. హాల్వర్‌కి రెండో మాటే వినిపించింది.

సిగ్రిడ్ కొత్త స్తంభానికి రెండు పక్కలా, పైనుంచి కిందిదాకా, దెన్సియో తన ఇష్టమొచ్చినంత పేస్టు పూశాడు. ఎవరూ తొందరపెట్టలేదు. పైగా, "ఇంకాస్త పుయ్యి, ఇక్కడ తగ్గినట్టుంది," అని హాల్వరే కింద నిలబడి బతిమాలాడు. నెల తిరక్కుండా అఖాతంలో ఊడని మందు లేకుండా ఒక్క స్క్రూ దిగడం లేదు. ఇన్నేళ్ళు కాళ్ళావేళ్ళా పడి నిజం చెప్తే ఒక్కడూ పూయించుకోలేదు. ఒక్క అబద్ధానికి వరస కట్టారు. దెన్సియోకి చేతి నిండా పని. రాబడి వచ్చిన ప్రతిసారీ మొహం మాత్రం దొంగసొత్తు పుచ్చుకున్నవాడిలా పెట్టేవాడు. చర్చిలో పాపం ఒప్పుకోవడానికి కూడా వెళ్ళొచ్చాడు. ఫాదర్ అంతా విని, చర్చి గంటకి కూడా కాస్త ఆ మందు పూయమన్నాడట.

ఒకనాడు ఎఫ్రెన్ వచ్చాడు, ఇప్పుడు కౌన్సిలరు. సముద్రం ఒడ్డున పిల్లల బాస్కెట్‌బాల్ కోర్టుకి పైకప్పు వేయిస్తున్నాడు. ఉక్కు దూలాలు, వాటి మీద అల్యూమినియం రేకులు.

"కుయా, ఆ మందు రెండు సీసాలియ్యి. నా సొంత చేత్తో బిగిస్తా."

దెన్సియో చుట్టూ చూశాడు. మెదింగ్ బజారుకెళ్ళింది. ఎన్నాళ్ళ నుంచో కట్టి పెట్టిన నోరు విప్పేశాడు. ఎఫ్రెన్‌ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు: మొగుడూ పెళ్ళాం, ఉప్పునీరు, తెల్లపొడి, ఉబ్బడం, పట్టెయ్యడం, ఆ మందు అసలు ఎందుకు, సిగ్రిడ్ కుడి పట్టీ ఎందుకు పీక్కుపోయిందీ, అన్నీ. చెప్తుంటే ప్రాణం లేచొచ్చింది. ఎఫ్రెన్ శ్రద్ధగా, ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు.

"అర్థమైందా?" అన్నాడు దెన్సియో.

"అయింది కుయా. మందు రహస్యం బయటికి పొక్కకూడదని ఇదంతా చెప్తున్నావు. నేనెవరికీ చెప్పనులే." ఎఫ్రెన్ కన్ను గీటాడు. "మూడు సీసాలియ్యి పోనీ."

దెన్సియో మూడు ఇచ్చాడు. తర్వాత మనసొప్పక తనే వెళ్ళాడు. ఎఫ్రెన్ బోల్టు తల మీద బొట్టు పెట్టినట్టు పూసి ఊరుకుంటాడని అతనికి తెలుసు. కింద రిబ్బను కట్టి, మైకు సర్దుకుంటూ జనం హడావిడి పడుతుంటే, దెన్సియో రేకుల మీద బోర్లా పడుకుని ఒక్కో బోల్టూ విప్పి, దూలానికీ రేకుకీ మధ్య ప్లాస్టిక్ దూర్చి, గాడి గాడికీ పేస్టు పట్టించి మళ్ళీ బిగించాడు. మైకులో ఎఫ్రెన్ తన చేతి బిగింపు గురించి చెప్తున్నాడు. చప్పట్లు రేకుల కింద నుంచి వేడిగాలితో పాటు పైకొస్తున్నాయి.

దిగొచ్చేసరికి మోచేతుల దాకా తెల్లగా ఉన్నాడు. మెదింగ్ అతనికని దాచిన పాన్సిట్ ప్లేటు చేతికిచ్చింది.

"అన్నీ అయ్యాయా?"

"అయ్యాయి."

"ఊడవుగా?" అంది ఆమె, నవ్వు పెదవుల్లో నొక్కిపెట్టి.

దెన్సియో దగ్గరలో ఎవరూ లేరని చూసుకున్నాడు. నూడుల్సు నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"ఎప్పుడు కావాలంటే అప్పుడు," అన్నాడు మెల్లగా, "వెన్నలా."